ఎవరు చెప్పారో చూపించండి, ఎవరు గెలిచారో అడిగేదాకా దాచండి

బెంగళూరులో ఈస్పోర్ట్స్, అంటే వీడియో గేమ్ పోటీల అభిమానుల కోసం వార్తల యాప్‌లు తయారుచేస్తున్న ప్రోడక్ట్ మేనేజర్లకు, డిజైనర్లకు, ఇంజినీర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

మీరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో కోరమంగళలోనో కూర్చుని తయారుచేసే యాప్‌ని వాడేది మాలాంటివాళ్లం. మారతహళ్లి, బీటీఎం, కుందలహళ్లి వైపు ఏ ఆంధ్రా పీజీలోకి వెళ్లినా రాత్రి పది దాటాక ఏదో ఒక గదిలో ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్ బీజీఎంఐ ఫైనల్సో, టీములు తలపడే ఇంకో షూటింగ్ గేమ్ వాలరెంట్ మ్యాచో నడుస్తూ ఉంటుంది. నేను ఈ ఊళ్లోనే ఒక న్యూస్ యాప్ తెలుగు డెస్క్‌లో కొన్నేళ్లు పనిచేశాను. హెడ్డింగులు పెట్టడం, నోటిఫికేషన్లు రాసి పంపడం నా పని. డ్యూటీ దిగాక చూసేది ఈస్పోర్ట్స్. నోటిఫికేషన్ పంపేవాళ్ల సంగతీ తెలుసు, అందుకునేవాళ్ల బాధా తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిమ్మల్ని అడిగేది రెండే. ఒక వార్తను మొదట ఎవరు చెప్పారో ఆ వార్తతోపాటే కనిపించాలి. మ్యాచ్‌లో ఎవరు గెలిచారో మేం అడిగేదాకా కనిపించకూడదు. ఇప్పుడు నేను వాడే యాప్‌లు చాలావరకు దీనికి తలకిందులుగా ఉన్నాయి. చెప్పినవాళ్ల పేరు అడుగున బూడిదరంగులో, కళ్లు చికిలిస్తే తప్ప కనపడదు. గెలిచినవాళ్ల పేరు మాత్రం అందరికంటే ముందు నోటిఫికేషన్‌లో వచ్చి కూర్చుంటుంది.

మొదటిదాని గురించి చెప్తాను. మన దేశంలో ఈస్పోర్ట్స్ చూసేవాళ్లకు పుకారు ఎంత నష్టం చేస్తుందో మీకు గుర్తుండే ఉంటుంది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ మొబైల్ అందులో పోయింది. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే ఇంకో గేమ్‌ని తీసేశారు. అదే ఏడాది జూలై 28న బీజీఎంఐ కూడా ప్లే స్టోర్ నుంచి, యాప్ స్టోర్ నుంచి మాయమైంది. అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకు గేమ్ తెరుచుకుంటూనే ఉంది. అంటే బ్యాన్ అయినట్టా, కానట్టా? ఆ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు దొరికే చోటు ఆ రాత్రి అభిమానికి లేదు. స్టోర్ నుంచి తీసేశారు, సర్వర్లు మాత్రం నడుస్తున్నాయి, ఎంతకాలం నడుస్తాయో ఇంకా ఎవరూ చెప్పలేదు అన్న మూడు ముక్కలు ఒక్క కార్డులో, అంటే యాప్ తెర మీద ఒక వార్త కనిపించే గడిలో, పెట్టి ఉంటే చాలు.

ఆ తర్వాత దాదాపు పది నెలలు గడిచాయి. 2023 మే చివర్లో మూడు నెలల ట్రయల్ షరతు మీద అది తిరిగి వచ్చేదాకా, ‘ఫలానా తేదీన వచ్చేస్తోంది’ అన్న వార్త రాని వారం లేదు. అందులో ఆటగాళ్ల బతుకులు ఉన్నాయి. టీమ్‌లో జీతం మీద ఉన్న కుర్రాడు కాంట్రాక్టు వదులుకుని ఉద్యోగం వెతుక్కోవాలా, ఇంకో నెల ఆగాలా అన్నది ఆ తేదీల మీద ఆధారపడి ఉంటుంది. ఊళ్లో అమ్మానాన్నలూ ఆ నోటిఫికేషన్లే చదివి ఫోన్ చేసేవాళ్లు.

అలాంటి తేదీ ఎలా పుడుతుందో డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు. ఒక యూట్యూబర్ లైవ్‌లో మాట వరసకు ఏదో అంటాడు. ఒక సైటు దాన్ని ‘విశ్వసనీయ సమాచారం’ అని రాస్తుంది. రెండో సైటు మొదటి సైటును పట్టుకుని ‘నివేదికల ప్రకారం’ అంటుంది. మూడోది రెండూ కలిపి ‘పలు నివేదికలు’ అంటుంది. సాయంత్రానికి ఆరు సైట్లలో అదే సంగతి. ఇక్కడికి మీ యాప్ వస్తుంది. మీ అల్గారిదమ్ ఒకేలాంటి కథనాలను ఒక గుంపుగా కడుతుంది, గుంపు ఎంత పెద్దదైతే వార్త అంత పెద్దదని పైకి లేపుతుంది. ఒకే మనిషి ఆరు చొక్కాలు మార్చుకుని వచ్చి సాక్ష్యం చెప్తే ఆరుగురు సాక్షులని రాసుకున్నట్టు ఉంటుంది అది.

కాబట్టి గుంపులో ఎన్ని కథనాలున్నాయని లెక్కపెట్టకండి, ఎన్ని వేరువేరు మూలాలున్నాయని లెక్కపెట్టండి. ఇది చేయలేని పనేమీ కాదు. ప్రతి కథనంలో లింకులు ఉంటాయి, అతికించిన ఎక్స్ పోస్టులు ఉంటాయి, ప్రచురించిన సమయం ఉంటుంది. వాటిని పట్టుకుని వెనక్కి వెళ్తే చాలాసార్లు ఒక్క పోస్టు దగ్గరో, ఒక్క వీడియో దగ్గరో ఆగుతారు. ఆ మొదటి చోటును కార్డు మీద హెడ్డింగుకు సమానమైన సైజులో చూపించండి. టీమ్ గానీ, గేమ్ కంపెనీ గానీ, టోర్నమెంట్ నిర్వాహకులు గానీ చెప్పి ఉంటే ‘అధికారికం’. పేరున్న విలేకరి తన వనరులతో రాసి ఉంటే ఆ విలేకరి పేరు. ఈ రెండూ కాకపోతే ‘పుకారు’ అని మొహమాటం లేకుండా రాయండి. పుకార్లు అసలే వద్దని నేననను. రోస్టర్ (టీమ్ ఆటగాళ్ల జాబితా) మార్పుల సీజన్‌లో సగం సరదా వాటిలోనే ఉంది. పుకారుని పుకారుగా చదివే హక్కు మాకుంది, అంతే.

పుకారు తప్పని తేలినప్పుడు ఏం చేస్తారన్నది ఇంకా పెద్ద విషయం. ఇప్పుడు యాప్‌లు చేసేది పాత కార్డును నిశ్శబ్దంగా ఫీడ్ కిందికి జరపడం, లేదా తీసేయడం. మొదటి నోటిఫికేషన్ ఎవరెవరి ఫోన్లకు వెళ్లిందో మీ సర్వర్‌లో రికార్డు ఉంటుంది కదా. తప్పు ఎవరికి వెళ్లిందో సవరణ కూడా వాళ్లందరికీ వెళ్లాలి. అదే కార్డు మీద, పాత మాట కనపడేలా.

ఇక్కడే తెలుగువాళ్లకు మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటి ఉంది. ఇంగ్లీషులో డిజైన్ చేసేవాళ్ల కంటికి అది ఆనదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. నోటిఫికేషన్ మడిచి ఉన్నప్పుడు ఫోన్ మీద ఒక్క వరుసే కనిపిస్తుంది. ‘ఫలానా టీమ్ నుంచి ఫలానా ప్లేయర్ తప్పుకున్నాడంటూ వస్తున్న వార్తల్లో నిజం లేదని మేనేజ్‌మెంట్ చెప్పింది’ అని డెస్క్‌లో ఒకరు శుద్ధమైన తెలుగులో రాసి పంపుతారు. ఫోన్ మీద కనిపించేది ‘ఫలానా టీమ్ నుంచి ఫలానా ప్లేయర్ తప్పుకున్నాడంటూ…’ అని. ఖండన కాస్తా పుకారుగా మారిపోయింది! అది చూసినవాళ్లలో ఎంతమంది తెరిచి పూర్తిగా చదువుతారు? ‘నిజం కాదు’ అన్న మాట ముందుకు రావాలి, దానికి హెడ్డింగులోనే ఒక చోటు కట్టి ఇవ్వాలి. డెస్క్‌లో పనిచేసేవాళ్లకు నోటిఫికేషన్ పంపే ముందు, పదివేల రూపాయల ఫోన్ మీద, మడిచిన స్థితిలో, తెలుగులో ఎంత కనిపిస్తుందో చూపించే ప్రివ్యూ ఇవ్వండి. నేను పనిచేసిన చోట అక్షరాల పరిమితి ఇంగ్లీషు లెక్కలో పెట్టారు. తెలుగు అక్షరం ఎక్కువ వెడల్పు తీసుకుంటుందన్న ఊహే అందులో లేదు.

ఎత్తు సంగతీ అంతే. కౌంటర్ స్ట్రైక్ అన్న గేమ్ పేరు చూడండి. స కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు, ఆపైన ఐత్వం. ఇంగ్లీషు కోసం బిగించిన వరుసల ఎత్తులో ఆ ఒత్తులు సగానికి తెగిపోతాయి, లేదా కింది వరుసలోని గుడిదీర్ఘాలతో గుద్దుకుంటాయి. హెడ్డింగును మూడు చుక్కలతో కత్తిరించేటప్పుడు కూడా మీ కోడ్ అక్షరం మధ్యలో కోస్తుంది. స్ట్రైక్ కాస్తా ‘స్ట్’ అయి పొల్లుతో వేలాడుతుంది. కోసేటప్పుడు పూర్తి అక్షరం దగ్గర కోయమని చెప్పే లైబ్రరీలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాడాలన్న పట్టింపు ఉండాలి.

సరే, రెండో విన్నపం. ఫలితం దాచడం.

క్రికెట్ అలవాటుతో ఆలోచిస్తే ఇది వింతగా అనిపించవచ్చు. స్కోరు చెప్పడమే కదా వార్త అంటారు. కానీ మేం చూసే మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం జరగవు. వాలరెంట్ పసిఫిక్ లీగ్ సియోల్‌లో, యూరప్ వైపు లీగ్ బెర్లిన్‌లో, అమెరికాస్ లీగ్ లాస్ ఏంజెలిస్‌లో ఆడతారు. ఉద్యోగం చేసుకునేవాడు, కాలేజీకి వెళ్లేవాడు సగం మ్యాచ్‌లు మర్నాడే చూస్తాడు. 2024 నవంబర్ 2న లండన్‌లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ ప్రపంచ పోటీ ‘వరల్డ్స్’ ఫైనల్ జరిగింది. ఇక్కడ అది శనివారం సాయంత్రం. ఐదు గేమ్‌ల సిరీస్‌లో చైనా టీమ్ బీఎల్‌జీ 2-1తో ముందుంది, పేరుమోసిన ప్లేయర్ ఫేకర్ ఆడే కొరియా టీమ్ టీ1 నాలుగో గేమ్, ఐదో గేమ్ గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. అలాంటి ఫైనల్ ఏడాదికి ఒక్కటి వస్తుంది. సెకండ్ షిఫ్టులో ఉన్నవాడు క్యాబ్‌లో ఇంటికి వస్తూ, స్నానం చేసి, అన్నం పళ్లెం ముందు పెట్టుకుని మొదటి గేమ్ నుంచి చూద్దామనుకుంటాడు. దారిలో మ్యాప్ చూసుకోవడానికి ఫోన్ తీస్తే, మీ యాప్ పైనుంచి జారుకుంటూ వచ్చి ‘టీ1దే టైటిల్’ అంటుంది. అతను ఇక ఆ ఐదు గేమ్‌లూ చూడడు. చూసినా అది వేరే చూపు.

ఫలితం దాచడమంటే అంకెలు మసకబార్చడం ఒక్కటే అనుకోకండి. స్కోరు కనపడకుండానే ఫలితం బయటపడే దారులు చాలా ఉన్నాయి, అభిమానికి అన్నీ తెలుసు. ఐదు గేమ్‌ల సిరీస్ వీడియో పక్కన రెండున్నర గంటల నిడివి కనిపిస్తే అది 3-0 అని అర్థమైపోతుంది. గేమ్‌ల జాబితాలో మూడు మీటలే ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. ఐదూ ఎప్పుడూ ఉండాలి, జరగని వాటిని నొక్కితేనే ‘ఈ గేమ్ జరగలేదు’ అని చెప్పాలి. బ్రాకెట్‌లో (ఏ రౌండ్‌లో ఎవరు ఎవరితో ఆడతారో చూపే పటంలో) తర్వాతి రౌండ్‌కి టీమ్ పేరు ఎక్కిపోతే సెమీఫైనల్ చూడ్డం దండగ. రేపటి షెడ్యూల్‌లో ఆ పేరు ఉన్నా అంతే. వీడియో మీది బొమ్మలో కన్నీళ్లు పెట్టుకుంటున్న ప్లేయర్ మొహం ఉంటే చాలు. చివరికి నోటిఫికేషన్ వచ్చిన వేళ కూడా గుట్టు విప్పుతుంది. ‘మ్యాచ్ ముగిసింది, చూడండి’ అని మర్యాదగా రాసినా, మొదలైన రెండు గంటలకే వచ్చిందంటే ఏకపక్షంగా పోయిందన్నమాట. ఫలితాలు దాచమన్నవాళ్లకు ఆ నోటిఫికేషన్ వెంటనే పంపకండి. మర్నాడు ఉదయం ఒక స్థిరమైన వేళకు, అన్ని మ్యాచ్‌లకూ కలిపి ఒకటే పంపండి.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అధికారిక సైటులో ఫలితాలు దాచుకునే మీట ఉంది. అంటే ఇది కలలో కోరిక కాదు. కానీ అది ఒక్క గేమ్‌కి ఒక్క సైటు. పది గేమ్‌ల వార్తలు ఒకచోట చేర్చే యాప్‌కి ఈ బాధ్యత పదింతలు, ఎందుకంటే నేను డోటా అనే గేమ్ ఫలితం వెంటనే కావాలనుకుని, వాలరెంట్ ఫలితం దాచమనవచ్చు. గేమ్‌కో మీట, టీమ్‌కో మీట కావాలి. మొదటిసారి యాప్ తెరిచినప్పుడు దాచి ఉంచడమే మామూలు స్థితిగా ఉండాలి. వెంటనే కావాలన్నవాళ్లు ఒక్కసారి నొక్కి తెచ్చుకుంటారు. ఒకసారి తెలిసిపోయిన ఫలితాన్ని మాత్రం మళ్లీ తెలియకుండా ఎవరూ చేయలేరు.

నోటిఫికేషన్‌లో ఫలితం లేకపోతే ఎవరు తెరుస్తారని మీ మీటింగుల్లో అడుగుతారు. నేనూ అలాంటి మీటింగుల్లో కూర్చున్నాను. ఫలితం ముందే చెప్పేశాక మాత్రం ఎందుకు తెరవాలి? పైగా ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లు పంపాలంటే వాడేవాళ్ల అనుమతి ముందుగా అడగాలి. ఒక్క ఫైనల్ పాడుచేసిన యాప్‌కి ఆ అనుమతి ఆ రాత్రే పోతుంది. తర్వాత ఎంత మంచి వార్త రాసినా వాళ్ల ఫోన్ దాకా చేరదు.

సమయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనిలో తప్పు జరిగితే రాత్రి నిద్ర పోతుంది. మనం గడియారాలు మార్చుకోం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. యూరప్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. లాస్ ఏంజెలిస్‌లో మధ్యాహ్నం ఒంటి గంటకు మొదలయ్యే మ్యాచ్ వేసవిలో మనకు రాత్రి 1.30, చలికాలంలో 2.30. ఇది ఎవరో చేత్తో ఎక్కించిన, ఎప్పటికీ మారని గంటల తేడాతో కుదరదు. ఇంకో సంగతి. ఆదివారం తెల్లవారుజాము 1.30 అని రాస్తే మావాళ్లలో సగం మంది ఆదివారం రాత్రి అనుకుని అలారం పెట్టుకుంటారు. మనం దాన్ని శనివారం అర్ధరాత్రి దాటాక అంటాం. అలాగే రాయండి. ‘శనివారం అర్ధరాత్రి దాటాక 1.30’. నాలుగు మాటలు ఎక్కువైనా మ్యాచ్ తప్పిపోదు.

మ్యాచ్ కార్డు అనగానే ఎడమవైపు ఒక లోగో, కుడివైపు ఒక లోగో, మధ్యలో స్కోరు. ఇది క్రికెట్ నుంచి వచ్చిన అచ్చు. వాలరెంట్‌కి, డోటాకి సరిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది చూసే బీజీఎంఐకి సరిపోదు. అక్కడ ఒక మ్యాచ్‌లో 16 టీములు, టీమ్‌కి నలుగురు. మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడుకి 5, అలా తగ్గుతూ ఏడు, ఎనిమిది స్థానాలకు ఒక్కోటి. ఒక్కో ఫినిష్‌కి, అంటే ఆటలోంచి తప్పించిన ఒక్కో ప్రత్యర్థికి, ఒక పాయింటు. చికెన్ డిన్నర్ (మ్యాచ్‌లో చివరిదాకా మిగిలి మొదటి స్థానం కొట్టడం) ఒక్కటీ తినకుండానే ఫినిష్‌ల మీద ఒక టీమ్ పట్టికలో పైన ఉండవచ్చు. మూడు రోజుల ఫైనల్స్‌లో అభిమాని చూసేది ‘మాది ఎన్నో స్థానం, పైవాళ్లకు ఎన్ని పాయింట్ల దూరం, ఇంకా ఎన్ని మ్యాచ్‌లున్నాయి’ అని. 2024 జూన్‌లో బీజీఎంఐ టోర్నమెంట్ బీజీఐఎస్ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగాయి, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. మన ఊళ్లో, మన జనం మధ్య జరిగిన ఫైనల్స్ అవి. ఆ మూడు రోజులూ నా ఫోన్‌లో ఉన్న ఒక యాప్ ప్రతి మ్యాచ్‌కీ రెండు లోగోల కార్డు వేసి, చికెన్ డిన్నర్ కొట్టిన టీమ్ ‘గెలిచింది’ అని రాసింది. చూసినవాళ్లు టైటిలే తేలిపోయిందనుకున్నారు. దయచేసి పట్టిక కార్డు వేరుగా గీయండి. అభిమాని టీమ్ ఎక్కడుంటే అక్కడికి తెర దానంతట అదే జరగాలి. పైన మూడు, కింద రెండు వరుసలు కనిపిస్తే చాలు.

చదరంగం గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చెస్ మొదటిసారి చేరింది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి కొరియా ఈస్పోర్ట్స్ సంస్థ జెన్‌.జీ తరఫున ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు, కార్ల్‌సన్ టైటిల్ గెలిచాడు. ఒక తెలుగువాడు ఈస్పోర్ట్స్ వేదిక మీద ప్రపంచంలో నాలుగోవాడయ్యాడు. ఈస్పోర్ట్స్ యాప్ తెరిస్తే ఆ సంగతి లేదు, ఎందుకంటే చెస్ వార్తలు ‘స్పోర్ట్స్’ డబ్బాలో పడ్డాయి. చెస్ అభిమానికి జెన్‌.జీ అంటే ఎవరో చెప్పేవాళ్లు లేరు. జెన్‌.జీ అభిమానికి అర్జున్ ఎవరో తెలియదు. వార్తల్ని డబ్బాల్లో పడేయకండి. టీమ్, ప్లేయర్, టోర్నమెంట్, ఊరు, రాష్ట్రం అని గుర్తులు పెట్టండి. అర్జున్‌ని అనుసరించే వరంగల్ మనిషికి ఆ కార్డు ఏ విభాగంలో పుట్టినా చేరాలి.

ఇక డబ్బు ఆటల సంగతి. దీని మీద నాకు చాలా పట్టింపు ఉంది. మన ఇళ్లల్లో ‘ఆన్‌లైన్ గేమ్’ అన్న మాట వినగానే పెద్దవాళ్లకు రమ్మీ గుర్తొస్తుంది, అప్పులు గుర్తొస్తాయి. వాళ్ల భయం ఊరికే రాలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. కేంద్రం 2022 డిసెంబర్‌లో ఈస్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ రెండింటి మధ్య గీత గీసింది. ఈస్పోర్ట్స్‌ను ప్రోత్సహించాలంది, డబ్బు ఆటలను మొత్తంగా నిషేధించింది, వాటికి ప్రకటన ఇచ్చినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంది. చట్టం గీసిన ఆ గీతను మీ యాప్ చెరిపేయకూడదు. ప్రకటనలు తీసుకోవడం మానేశాం అంటే సరిపోదు. విదేశీ ఈస్పోర్ట్స్ సైట్లలో చాలావాటికి బెట్టింగ్ కంపెనీలే స్పాన్సర్లు. మీ క్రాలర్ (సైట్ల నుంచి కథనాలు ఏరుకొచ్చే ప్రోగ్రామ్) అక్కడి నుంచి తెచ్చే ‘మ్యాచ్ ప్రిడిక్షన్’ కథనాల మధ్యలో ఆడ్స్ (పందెం రేట్ల) పట్టికలు, వాళ్ల లింకులు ఉంటాయి. పేరుకు వార్త, లోపల అంతా పందెం. ఆ కథనాలను గుర్తుపట్టి ఆపే వడపోత మొదటి రోజు నుంచే ఉండాలి. అనంతపురంలో ఒక తల్లి కొడుకు ఫోన్‌లో ఈ యాప్ చూస్తే అందులో మ్యాచ్‌లు, ఆటగాళ్లు కనపడాలి, పందెం రేట్లు కనపడకూడదు.

కొడుకు అన్నాను కదా, చూసేవాళ్లలో చాలామంది ఇంటర్ పిల్లలే. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టింది. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది, వాళ్లను ట్రాక్ చేయడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడం కూడదంది. దీనికి సులువైన దారి డేటా తీసుకోకపోవడమే. నాకు నచ్చిన ఐదు టీముల పేర్లు గుర్తుపెట్టుకోవడానికి మీకు నా ఫోన్ నంబరు ఎందుకు? ఆ జాబితా ఫోన్‌లోనే ఉంచండి. లాగిన్ అడగకండి.

అలా చేస్తే యాప్ తేలిగ్గానూ ఉంటుంది. వారాంతం ఊరికి వెళ్లేవాళ్లకు ఆ సంగతి తెలుసు. రాత్రి బస్సు బాగేపల్లి దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు వీడియోలు తమంతట తామే ఆడే ఫీడ్ తెల్లగా తిరుగుతూనే ఉంటుంది. అక్షరాలు ముందు రానివ్వండి. బొమ్మలు తర్వాత వస్తే వస్తాయి.

చివరగా, మీరు వార్తలు ఎవరి దగ్గర తెచ్చుకుంటున్నారో వాళ్ల గురించి. ఈస్పోర్ట్స్ విలేకరులు మిగిలిందే కొద్దిమంది. ఈఎస్‌పీఎన్ తన ఈస్పోర్ట్స్ విభాగాన్ని 2020లో మూసేసింది. వాషింగ్టన్ పోస్ట్ తన గేమింగ్ విభాగాన్ని 2023లో మూసేసింది. అంత పెద్ద సంస్థలే నడపలేకపోయిన పనిని ఇప్పుడు చిన్న సైట్లు, ఒంటరి విలేకరులు, స్వచ్ఛందంగా రాసే అభిమానులు మోస్తున్నారు. మీ యాప్ వాళ్ల కథనం మొత్తాన్ని ఏఐతో అరవై పదాలకు కుదించి చూపిస్తే, చదివేవాడు వాళ్ల సైటుకి వెళ్లడు. వాళ్లకు వచ్చే నాలుగు డబ్బులు ఆగిపోతాయి. రెండేళ్లు పోతే మీకు కుదించడానికి కథనమే ఉండదు. రెండు వాక్యాలు చూపించి మిగతాదానికి అసలు సైటుకి పంపండి. అభిమానులు రాసే ఈస్పోర్ట్స్ విజ్ఞానకోశం లిక్విపీడియా నుంచి స్కోర్లు, రోస్టర్లు తీసుకుంటే ఆ పేరు కనపడేలా రాయండి, వాళ్ల లైసెన్సు అడిగేదే అది. వాళ్ల సర్వర్‌కి ఎంత తరచుగా వెళ్లవచ్చో నియమం పెట్టారు, దాన్ని పాటించండి. తెలుగులో ఈస్పోర్ట్స్ మీద సొంతంగా రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో ఒకరు రాసిన ముక్కను ఇంగ్లీషు నుంచి వచ్చిన యంత్ర అనువాదం కిందికి తోయకండి.

మొదట అడిగిన రెండూ మొదటి వెర్షన్‌లోనే రావాలి. తర్వాత చూద్దాం అన్న జాబితాలోకి వెళ్లిన ఫీచర్ తిరిగి రావడం నేను పనిచేసిన చోట చూడలేదు. మీ దగ్గర తెలుగు చదివే టెస్టర్లు లేకపోతే వెతుక్కోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఫైనల్స్ ఉన్న శనివారం సాయంత్రం మారతహళ్లిలో ఏ పీజీకైనా టెస్ట్ ఫోన్లతో రండి. అక్కడ షిఫ్టు నుంచి ఆలస్యంగా వచ్చేవాడు ఒకడుంటాడు, ప్రతి ఫినిష్‌నీ లైవ్‌లో చూసేవాడు ఒకడుంటాడు. ఇద్దరికీ ఒకే యాప్ ఇచ్చి, ఇద్దరూ సరిగ్గా చూడగలిగారో లేదో చూడండి.

చూశాక మాకు జవాబు రాయండి. ఈ రెండింటిలో ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో బహిరంగంగానే చెప్పండి. మీ ఇబ్బందులు ఏమిటో మాకూ తెలియాలి.

ఇట్లు,
మారతహళ్లి నుంచి ఒక తెలుగు ఈస్పోర్ట్స్ అభిమాని